పనస తాతతో మా ఆయన తగువు

మా ఆయన నోటికి అబద్ధం రాదు. గొప్ప కోసం చెప్పడం లేదు. ఆ నోటితో ఇన్నేళ్లుగా వేగుతున్నదాన్ని, ఒళ్లు మండి చెబుతున్నాను. పెళ్లైన కొత్తలో మా అత్తగారు నేను వండిన కూర తిని, పాపం, "బాగుందమ్మా" అన్నారు. ఈయన పక్క నుంచి, "బాగుంటే చెంబెడు నీళ్లెందుకు తాగావమ్మా? ఉప్పు కషాయంలా ఉంది" అన్నాడు. మొన్నటికి మొన్న మేం పనిచేసే బసలో జకార్తా నుంచి దిగిన కుటుంబం ఒకటి ఈతకొలను గట్టు మీద నిలబడి, నీళ్లు శుభ్రమేనా అని అడిగింది. "శుభ్రమేనండీ. పొద్దున ఒక కప్ప చచ్చి తేలింది, తీసేశాను" అన్నాడు మా మహానుభావుడు. ఆ పూట వాళ్ల పిల్లలెవరూ నీళ్లలో కాలు పెట్టలేదు. నేను వంటింట్లో తల బాదుకున్నాను.

పేరు నెంగా మెర్తా. ఆ పేరుతో ఊళ్లో ఎవరూ పిలవరు. మా పిల్ల రింతి పుట్టిన రోజునే మా ఇద్దరి పేర్లూ అటకెక్కాయి. అప్పటి నుంచి ఆయన పాన్ రింతి, నేను మెన్ రింతి. రింతి నాన్న, రింతి అమ్మ, అంతే. రింతికి పెళ్లై పక్క వాడకు వెళ్లిపోయినా మాకు మాత్రం ఆ పేర్లే మిగిలాయి.

మా గోడకు ఆనుకునే మార్లీనా అమ్మగారి బస ఉంది. అమ్మగారిది సురబాయా. భర్త పోయాక ఇక్కడ ఇల్లు అద్దెలకిచ్చుకుంటూ, ఏడాదిలో నాలుగైదుసార్లు వచ్చి పోతుంటారు. అక్కడ వంట నాది, కొలను మా ఆయనది. కొలను మీదికి సగం కొమ్మలు చాపుకుని ఒక పనసచెట్టు ఉంది. ఆ చెట్టుతోనే మా ఆయన తగువు.

కొలను గోడలో, నీటి మట్టం దగ్గర, ఒక నోరు ఉంటుంది. పంపు ఆ నోటి గుండా పైపై నీళ్లను లాగి, ఇసుక పీపాలో వడకట్టి, మళ్లీ కొలనులోకి వదులుతుంది. నోటి వెనకాల ఒక బుట్ట. ఆకూ అలమూ ఆ బుట్టలో పడాలి, రోజూ దాన్ని దులపాలి. దులపకపోతే పంపుకు నీరు అందదు, గాలి మింగుతుంది, వేడెక్కి కాలిపోతుంది. ఇదంతా నాకెలా తెలుసంటారా? అన్నం దగ్గర, పడక దగ్గర, గుడికి వెళ్లే దారిలో ఇదే పురాణం వింటే మీకూ తెలుస్తుంది.

పనసాకు సరిగ్గా ఆ నోటికి కొలిచి కోసినట్టు ఉంటుంది. ఒకటి అడ్డం పడితే ఇంకోటి దాని మీద అతుక్కుంటుంది. ఆకులు చాలవన్నట్టు రాలిన పిందెలు నల్లగా కుళ్లి తేలుతుంటాయి. మా ఆయన పొద్దున్నే పొడుగాటి కర్రకు కట్టిన పలచటి వల పట్టుకుని గట్టు వెంట నడుస్తాడు. గబగబా లాగకూడదట. నీళ్లు కదిలితే ఆకు అడుగుకు దిగిపోతుందట, అడుగున నానితే గచ్చు మీద మరక పడుతుందట. అంత నెమ్మదైన మనిషి, తల పైకెత్తగానే మారిపోతాడు.

"ముసలి దొంగా! ఇప్పుడే కదరా ఎత్తాను? నేను వెనక్కి తిరిగేదాకా ఆగలేవా?"

చెట్టు జవాబుగా ఇంకో ఆకు రాలుస్తుంది.

లెజెర్ అని మా వాడలో చెట్లు కొట్టేవాడు ఉన్నాడు. మా ఆయనకు తమ్ముడి వరస. ఒకరోజు గోడ మీంచి తొంగి చూసి, "ఏంటన్నా, పొద్దున్నే చెట్టుతో గొడవ? వదినతో పడేది చాలట్లేదా?" అన్నాడు.

"మీ వదిన తిడితే ఊరుకుంటుంది ఒక్కోసారి. ఇది ఊరుకోదురా" అన్నాడు ఈయన.

చూశారా, అది కూడా నిజమే చెప్పాడు.

నాకు మాత్రం ఆ చెట్టంటే ప్రాణం. లేత పనసకాయ దంచి, కొబ్బరి కోరు వేసి, కారం దట్టించి నేను చేసే కూర కోసం మా వాడంతా కాచుకుని ఉంటుంది. పండగ వంటలకు కాయలు ఆ చెట్టువే. ఒకే చెట్టు, నాకు వంట, ఆయనకు మంట.

ఈ మధ్య బంగ్లీలో మా ఆయన పెదనాన్నకు దహనం చేస్తుంటే మేమిద్దరం వెళ్లాం. చుట్టరికం దగ్గరిది, వెంటనే రాలేం. బసలో అతిథులూ లేరు. తిరిగొచ్చి గేటు తీయగానే కాలిన రబ్బరు కంపు. కొలను నీళ్లు టీ డికాషన్. ఆయన పంపు గదిలోకి పరుగెత్తి, కాసేపటికి బయటికొచ్చి మెట్టు మీద కూలబడ్డాడు. మోటారు కాలిపోయింది. అలా కాలడం అది రెండోసారి.

అమ్మగారు ఆ వారమే వచ్చారు. మంచావిడ, అరవలేదు. కుర్చీలో కూర్చుని చల్లగా చెప్పారు.

"మెర్తా, నాకు ఈత రాదు. ఉన్నన్నాళ్లు ఈ నీళ్లు చూసుకుంటూ కూర్చుంటానని ఉంచాను. ఈసారి కొత్త మోటారు పెట్టిస్తాను. మళ్లీ కాలిందనుకో, ఈ గుంట పూడ్పించి పైన రెండు గదులు వేయించేస్తాను."

మా ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆ కొలను తవ్విన రోజు నుంచీ ఆయనే చూస్తున్నాడు. దానికి పలకలు అతికిస్తుంటే సున్నం అందించిన చేతులవి. ఇప్పుడు దాన్ని పూడ్చడమా? "అమ్మా, తప్పు చెట్టుదండి. చెట్టు కొట్టించేయండి" అన్నాడు.

అమ్మగారు చెట్టు వైపు చూసి, "సరే, అది నీ ఇష్టం. రోజూ ఎత్తేవాడివి నువ్వు" అని, మర్నాడు సురబాయా వెళ్లిపోయారు.

ఆ రాత్రి నేను మాట్లాడలేదు. పొద్దున కూడా మాట్లాడలేదు. మాట్లాడకుండా ఉండటం నాకెంత కష్టమో మా వాడలో ఎవర్నయినా అడగండి. మధ్యాహ్నానికి ఇక ఆగలేకపోయాను.

"ఏమయ్యా, పండగకి కూర ఏం పెట్టి చేయాలి? నీ పంపు కోసి వండనా?"

"కాయలు బజార్లో దొరుకుతాయే. కొలను దొరకదు."

అదీ నిజమే. అందుకే ఇంకా ఒళ్లు మండింది.

లెజెర్‌తో ఆదివారానికి మాట అయింది. ఇద్దరూ మగాళ్లే కదా, కేలెండరు చూసే అలవాటుంటే కదా! ఆదివారం ముందు శనివారం ఏమిటో ఇద్దరికీ తట్టలేదు. తుంపెక్ ఉదుః. చెట్ల పండగ. ఆ రోజు మా దగ్గర కొమ్మ విరవరు, కాయ తెంపరు. బియ్యప్పిండి జావ కాచి, చెట్టు మొదలుకు పూసి, కత్తి వెనక వైపుతో తట్టి, చెట్టును తాతా అని పిలిచి, ఇరవై ఐదు రోజుల్లో గలుంగన్ పండగ వస్తోంది, బాగా కాయమని అడుగుతారు. ఇంటి మగవాడే అడగాలి. మా ఆయన ప్రతి తుంపెక్‌కీ ఆ పనసను కూడా అడుగుతాడు, కాకపోతే చివర్లో తన ముక్క ఒకటి కలుపుతాడు. "కాయలు ఇటు కాయి తాతా, ఆకులు మాత్రం అటు రాల్చు" అని లెజెర్ వాళ్ల పెరడు చూపిస్తాడు.

నేను గుర్తు చేయలేదు. శనివారం పొద్దున్నే జావ కాచాను, కొబ్బరాకుల తట్టలో పువ్వులు సర్దాను, చీరకట్టు లాంటి మంచి కైన్ చుట్టుకుని, తట్ట నెత్తిన పెట్టుకుని నిలబడ్డాను.

"పద."

"ఎక్కడికే?"

"ఇవాళ తుంపెక్."

ఆయన నాలుక కరుచుకున్నాడు. మా పెరట్లో అరటికీ కొబ్బరికీ మామిడికీ గబగబా చెప్పేశాడు. గోడ దాటి పనస దగ్గరకొచ్చాం. జావ పూశాను. ఆయన కత్తి తిరగేసి పట్టుకుని, తట్టడానికి చెయ్యెత్తి, అలాగే ఉండిపోయాడు. పైనుంచి ఒక ఆకు ఆయన తలపాగా మీద పడింది. దులుపుకోలేదు.

"కానీ, ఎండెక్కుతోంది" అన్నాను.

"రేపు లెజెర్ వస్తాడే."

"వస్తాడు. పిలిచింది నువ్వే."

"ఇవాళ కాయమని చెప్పి, రేపు కొట్టిస్తే..." అని ఆగాడు. "ఇది వింటుందంటావా?"

"వినకపోతే ప్రతిసారీ ఎందుకు చెబుతున్నావు?"

ఆయన కొలను వైపు చూశాడు, చెట్టు వైపు చూశాడు. కొత్త మోటారు గోడ వెనక మెత్తగా తిరుగుతోంది. ఒకటి వదులుకోవాలంటే ఆయనకు ప్రాణం పోతోందని నాకు తెలుస్తూనే ఉంది. నాకు జాలేసింది. పోనీ వద్దులే, ఈసారికి ఊరుకుందాం అందామనుకున్నాను. నేను నోరు తెరిచేలోపే టక్ టక్ టక్‌మని మొదలు తట్టి, వాడంతా వినేలా, "తాతా! గలుంగన్ వస్తోంది! కొమ్మ కొమ్మకీ కాయి, విరగ్గాయి!" అని అరిచాడు.

నాకు ఏడుపొచ్చింది. సంతోషమే, అయినా ఏడుపే వచ్చింది. నడికట్టు కొసతో తుడుచుకుని, "అంత గట్టిగా అరవాలా? తాతకి చెవుడనుకున్నావా?" అన్నాను.

మర్నాడు లెజెర్ రంపం భుజాన వేసుకుని వచ్చాడు. మా ఆయన వాకిట్లోనే ఆపి, ముందు అమ్మగారికి ఫోన్ చేశాడు.

"అమ్మా, చెట్టు కొట్టించలేనండి."

"అదేంటయ్యా? అడిగింది నువ్వే కదా!"

"నిన్న దాన్ని కాయమని అడిగానండి. మాట అనేశాను."

అవతల అమ్మగారి నవ్వు, ఆ తర్వాత నవ్వు లేని మాట. "సరే. కానీ మోటారు సంగతి నేను చెప్పింది చెప్పినట్టే."

"గుర్తుందమ్మా."

లెజెర్ అరుగు మీద చతికిలపడ్డాడు. "బాగుందన్నా. పొద్దున్నే రంపం నిండా పెట్రోలు పోసుకొచ్చాను. ఇప్పుడు దాంతో ఏం కొట్టను, నీ తల కొట్టనా?"

"వెదురు కొట్టరా" అన్నాడు మా ఆయన.

రాత్రంతా పడుకోకుండా ఆయన ఆలోచించింది అదన్నమాట. ఇద్దరూ కలిసి వెదుర్లు చీల్చి, వంచి, కొలను నోటికి కాస్త ముందు విల్లులా తేలేటట్టు కట్టారు. నీళ్లు దాని కింద నుంచి పోతాయి, తేలే ఆకులు దాని దగ్గరే ఆగుతాయి. చూడటానికి బాతుల దొడ్డిలా ఉంది. "అమ్మగారు చూస్తే దీన్నే ముందు పూడుస్తారు" అన్నాను. ఆయన పట్టించుకోలేదు. బల్లెం పట్టిన కాపలావాడిలా దాని పక్కనే కూర్చున్నాడు.

గలుంగన్ వచ్చింది. వీధి పొడుగునా వాకిళ్ల ముందు అలంకరించిన వెదుర్లు వంగి ఊగుతున్నాయి. బసలో అమ్మగారి చుట్టాలు దిగారు. పంపు ఆపడానికి వీల్లేదు. మేం తెల్లబట్టలు కట్టుకుని గుడికి వెళ్లాం. పూజారి గంట మోగిస్తుండగా గాలి మొదలైంది. మామూలు గాలి కాదు, గొడుగులు పడగొట్టే గాలి. మా ఆయన వేళ్ల మధ్య పువ్వు పెట్టుకుని, చేతులు నెత్తిన జోడించి, కళ్లు మూసుకుని కూర్చున్నాడు. కాలి వేళ్లు మాత్రం కుదురుగా లేవు. తీర్థం చల్లారు, నుదుట బియ్యం అద్దారు. అంతే, చూస్తే మనిషి లేడు.

నేను రొప్పుతూ వెనకాల పడ్డాను. దారి పొడుగునా ఒకటే భయం. మోటారు కాలి ఉంటుంది, మట్టి లారీ వస్తుంది, ఆ మనిషి మళ్లీ ఆ మెట్టు మీద కూలబడతాడు, అప్పుడు నేనేం చెప్పను? ఎందుకయ్యా నిన్ను రెచ్చగొట్టాను అని నన్ను నేనే తిట్టుకున్నాను.

గేటు తీస్తే కొలనులో నీళ్లు కనపడలేదు. మొత్తం పనసాకులే, పరుపు పరిచినట్టు. ఆయన తెల్లబట్టల్తోనే నడుము లోతు నీళ్లలో ఉన్నాడు. నుదుటి బియ్యం ఇంకా రాలలేదు. వెదురు విల్లుకు ఇవతల ఆకులు మూర మందాన పేరుకున్నాయి. అవతల నోరు ఖాళీ. గోడ వెనక మోటారు మెత్తగా, ఏమీ ఎరగనట్టు, తిరుగుతోంది.

ఆయన నన్ను చూశాడు. పైకి చూశాడు. కొమ్మలన్నీ ఊగుతున్నాయి, మొదలు చుట్టూ లేతకాయలు గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి. ఆ చెట్టు అన్ని కాయలు కాయడం నేనెప్పుడూ చూడలేదు.

"రింతి అమ్మా, ఆ రోజు ఆకుల సంగతి చెప్పడం మర్చిపోయానే" అన్నాడు.

"పోనీలే, మళ్లీ తుంపెక్ రాదా? చెబుదువుగాని."

"చెబుతా" అని వల కోసం చెయ్యి చాపాడు. ఆయన చెబుతానంటే చెబుతాడు. నేను వలకర్ర అందించి, కైన్ పైకి దోపుకుని, రెండో వైపు నుంచి నీళ్లలోకి దిగాను.