గాజుపెట్టెకు యా కొరమీను?

మొన్న పక్కింటి కొత్త కోడలు గోడ మీద నుంచి తొంగిచూసి, "అక్కా, మేము కూడా ఒక గాజుపెట్టె తెచ్చుకుంటాండాం. యా రకం కొరమీను పెట్టుకుంటే బాగుంటాది?" అని అడిగింది. వంకాయ విత్తనాల గురించి అడిగినంత సులభంగా అడిగేసింది. చేపను ముట్టని ఇంటి ఆడదాన్ని, చేపల విషయంలో వీధికి సలహాదారు అయిపోయినాను చూడండి! "నిదానంగా చెప్తాలే" అని పంపించినాను గానీ, పొయ్యి మీద పాలు పొంగిపోయేదాకా నా మనసు కొన్నేండ్ల కిందటి ఒక ఎండాకాలంలోనే ఉండిపోయింది.

మాది ధర్మవరంలో పట్టుచీరల అంగడి. ముందర అంగడి, ఎనక ఇల్లు. మా ఆయన ఒకచోట నిలిచే మనిషి కాదు. చీరల మూట బండికి కట్టుకొని ఒకనాడు విడపనకల్లు, ఇంకొకనాడు లేపాక్షి. "ఇల్లు పట్టని మనిషి" అని మా అత్త కొడుకును తిట్టేది. అట్లాంటాయన ఆ బండి మీద నుంచే పడి నడుము ఇరగ్గొట్టుకున్నాడు. ఇంక నడిచేది లేదని డాక్టర్లు చెప్పేసినారు. ఎనకగదిలో మంచం వేసినాం. గోడపక్కకు మొగం తిప్పుకొని పడుకున్నాడు. పిలిస్తే పలకడు, బువ్వ పెడితే రెండు ముద్దలు తిని చాలంటాడు. నేను చీరలు మడతేసేది, ఆ గదిలోకి పరిగెత్తేది, మళ్లా వచ్చి కొనేవాళ్ల ముందర నవ్వేది. ఆ రెండు గడపల నడుమనే నా బతుకు. ఊపిరాడేది కాదు. ఆయన మీద కోపం వచ్చేది, కోపం వచ్చినందుకు మళ్లా ఏడుపు వచ్చేది.

ఒక దినం గోడపక్క చూస్తానే, "ఒక చేపను తెచ్చిపెట్టు. చూస్తా పడుకుంటా" అన్నాడు. మంచాన పడినాక ఆయన నోరు తెరిచి ఇది కావల్లని అడగడం అదే మొదలు. నేను పరుగున చేపలంగడికి పోయినాను. మా అత్త మాత్రం "మన ఇంట్లో చేపనా! వీధంతా నవ్వుతాదే" అని తల కొట్టుకుంది.

చేపలంగడాయన మా కష్టమంతా విని, "రంగుచేపలు వద్దమ్మా, ఊరికూరికే నీళ్లు మారుస్తా ఉండల్ల" అన్నాడు. మాకు కొళాయి ఎప్పుడొస్తాదో ఆ దేవునికే తెలియల్ల. "కొరమీను పెట్టుకో. అది మొగం పైకెత్తి గాలి పీల్చుకుంటాది, నీళ్లు కొంచెం పాతబడినా ఓర్చుకుంటాది. కాకుంటే మూత గట్టిగా ఉండల్ల, ఎగిరి దూకేస్తాది" అని, రెండు రకాలు చెప్పినాడు. ఒకటి చెరువుల్లో పెరిగే పెద్ద కొరమీను. ఇంకొకటి అరచెయ్యి కన్నా పెద్దగా పెరగని చిన్న జాతి, రెక్కలకు నీలం అంచు ఉంటాది.

మూరెడు గాజుపెట్టె ఒకటి కొనుక్కొని ఇంటికొచ్చి చెప్తే, మా ఆయన పెద్దదే కావల్లన్నాడు. చిన్నప్పుడు శింగనమల చెరువు ఎండిపోతే, బురద తవ్వి బతికున్న కొరమీన్లను తీసేది చూసినాడంట. "నీళ్లు లేకున్నా వాన కోసరం కాచుకొని ఉంటాదే అది" అని చెప్తాంటే ఆయన గొంతులో పాత ఉషారు వినపడింది. నాకు దిగులు పట్టుకుంది. ఆ పెద్దజాతి మా మూరెడు పెట్టెలో ఎట్ల పెరుగుతాది? వద్దంటే ఈయన మళ్లా గోడకు తిరుగుతాడు. మా అత్త దిగులు ఇంకొకటి: "ఏదైనా గానీ, పప్పన్నం తినేదే తెమ్మను!"

మంచంలోనే చూసి ఏరుకోనీ అని మరుసటి దినం అంగడాయన రెండు రకాలనూ ప్లాస్టిక్ సంచుల్లో ఇంటికే తెచ్చినాడు. అవి వానపాములు తింటాయని చెప్తే మా అత్త రామరామా అని చెవులు మూసుకుంది. తరువాత ఇంటి వాడకం నీళ్లు పోయే జలదారి కాడ తడిమన్ను తవ్వి వానపాములు పట్టింది ఆమెనే. ఇప్పుడు అడిగితే ఒప్పుకోదు. తెచ్చిన చేపలు రెండూ పిల్లలే, ఒకే పొడుగు. మా ఆయన పెద్దజాతి పిల్ల ఉన్న సంచిని ఎద మీద పెట్టుకొని, "ఇది ఎంత పెరుగుతాదన్నా?" అని అడిగినాడు.

అంగడాయన మోచేతి నుంచి వేళ్ల దాకా చూపించి, "ఇంకా ఎక్కువే. ఈ పెట్టెలో తిరుక్కునేదానికి కూడా చోటుండదు. బతుకుతాది లే, చావదు" అన్నాడు.

మా ఆయన చెయ్యి చాపి మంచం పక్కనున్న పెట్టెను మూరేసి చూసినాడు. సంచిలోని పిల్లను ఒకసారి, పెట్టెను ఒకసారి చూసినాడు.

"చిన్నదే పెట్టన్నా" అన్నాడు కడాకు. "దీన్ని తీస్కపోయి నీళ్లుండే చెరువులో వదిలెయ్. ఈ గదిలో తిరుక్కోలేక పడుండేదానికి నేనొకణ్ని చాలు."

నాకు యాడలేని కోపమొచ్చింది. "మీరొకరేనా? నేను యాడుండాను మరి? తిరునాళ్లలో తిరుగుతాండానా?" అని అరిచేసినాను. అంగడాయన సంచి తీసుకొని తల దించుకున్నాడు. వంటింట్లో మా అత్త గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

మా ఆయన చేప మీద నుంచి చూపు తిప్పి నా పక్క తిరిగినాడు. పడిననాటి నుంచి నా మొగం సూటిగా చూసింది అప్పుడే. "నువ్వూ ఉండావు" అన్నాడు మెల్లగా. "నేనే చూడలేదు."

ఆయన మళ్లా నడవలేదు. నేను ఆ రెండు గడపలు దాటి పోయిందీ లేదు. బయట కాలం ఎట్ల పరిగెత్తిందో నాకు తెలియదు గానీ, మా ఇంట్లో నిలిచిపోయిన కాలం మాత్రం ఆ పూట కదిలింది.