ఢాకా అప్పలమ్మ

మా బడిలో చరిత్ర, భూగోళం బోధించే అప్పలమ్మ గత గురువారం సాయంత్రం కన్నుమూసింది. పిల్లలను ఇళ్ళకు దించే బస్సులో ఆనాడు ఆమె వంతు. ఆఖరి పిల్లను తల్లి చేతికి అప్పగించి, తన సీట్లో కూర్చుని, తల కిటికీకి ఆనించిందట. కునుకు తీస్తోందనుకున్నాడు డ్రైవరు. నేనూ మావారూ దుబాయ్‌కి ఉత్తరాన మేముండే రాస్ అల్ ఖైమాలోని ఆసుపత్రికి పరుగెత్తేసరికి తెల్లని దుప్పటి కింద ఆ సన్నని దేహం నిశ్చలంగా ఉంది. గుండె ఆగిందన్నారు. పొద్దున నా డబ్బాలోంచి పులిహోర తీసుకుని తిన్న మనిషి సాయంత్రానికి లేదంటే బుద్ధి అంగీకరించలేదు. ఇప్పటికీ అంగీకరించడం లేదు.

ఆ దిగ్భ్రాంతి నుంచి తేరుకోకముందే మా బడి మందూబ్ వచ్చాడు. ప్రభుత్వ కార్యాలయాల పనులన్నీ చూసేది అతనే. నా ముందు నిలబడి మెల్లగా, "యే మేడం ఇండియన్ థీ యా బంగ్లాదేశీ?" అని అడిగాడు. పాస్‌పోర్టు బంగ్లాదేశ్‌ది. చుట్టూ ఏడుస్తున్నవాళ్ళలో సగంమందిమి తెలుగువాళ్ళం.

ఏడేళ్ళ కిందట ఆమె మా బడిలో చేరినప్పుడు పేరు అపలా దాస్. నూలు చీర, నున్నగా దువ్విన జడ, మితభాషిణి. బెంగాలీ మనిషి అనుకుని హిందీలోనే పలకరించేదాన్ని. ఒకనాడు మధ్యాహ్న విరామంలో మెట్లకింద నిలబడి ఫోనులో మాట్లాడుతోంది.

"అమా, కూడు తిన్నావేటి? మందేసుకున్నావా, మానీసినావా?"

నేను మెట్లమీదే ఆగిపోయాను. ఫోను పెట్టేశాక, "మీకు తెలుగు వచ్చా?" అన్నాను.

ఆమె నాకంటే ఎక్కువ బెదిరింది. "మీకెలాగొచ్చు?" అంది.

తెల్లదొరల కాలంలో ఢాకా వీధులు ఊడ్వడానికి, మలమూత్రాలు ఎత్తడానికి మనుషులు కావలసివచ్చారు. ఉత్తరాంధ్ర తీరంనుంచి నిరుపేద కుటుంబాలను అంతదూరం తీసుకుపోయారు. వాళ్ళ సంతతి తరతరాలుగా ఆ మహానగరంలోనే, ఒక ఇరుకు కాలనీలో, అదే వృత్తిలో మిగిలిపోయింది. ఇదంతా అప్పలమ్మ నాకు చెప్పిన చరిత్ర. ఏ ఊరినుంచి వెళ్ళారో చెప్పగలిగిన పెద్దలు ఆమె పుట్టేనాటికే లేరు. ఇళ్ళలో మాత్రం తెలుగు నిలిచింది. ఆ కాలనీనుంచి కాలేజీ ముఖం చూసిన తొలి ఆడపిల్ల ఈమె. చదువుకుని ఢాకాలోనే పంతులమ్మ అయింది. కానీ ఏ కాలనీ పిల్లో తెలిసిన చోటల్లా అద్దె ఇల్లు దొరకలేదు. అలా ఈ దుబాయ్ వైపు వచ్చింది.

అపలా అన్నది చిన్ననాడు బడిలో మాస్టారు దిద్దిన పేరట. "అసలు పేరు అప్పలమ్మ. మా నాయినమ్మ పేరు. అర్దం ఏటో తెల్దు" అంది, మొదటిసారి మా ఇంటికి వచ్చినరోజు. మావారు విజయనగరం దగ్గరవారు. ఆ పేరు వినగానే లేచి నిలబడ్డారు.

"సింహాచలం అప్పన్న పేరమ్మా అది! మా ఇంట్లోనే ముగ్గురున్నారు అప్పలమ్మలు."

"అప్పన్నంటే ఎవులన్నయ్యా?" అంది.

ఒక మనిషి పేరులో భద్రంగా ఉన్న దేవుడిని ఆ మనిషికే పరిచయం చేయవలసివస్తే ఎక్కడ మొదలుపెట్టాలి? ఆనాటినుంచి ఆమెకు మావారు అన్నయ్య, నేను వదిన. మా భవనంలోనే పై అంతస్తులో గది తీసుకుంది.

ఆమె పాఠం వినడం ఒక భాగ్యం. పాఠ్యపుస్తకంలో ఢాకాకు దక్కింది ఒక్క వాక్యం. అప్పలమ్మ తరగతిలో అది రోజులతరబడి సాగేది. నల్లబల్లమీద ముందుగా బురిగంగ నదిని వంపుగా గీసేది. మొగలు సుబేదార్లు ఆ ఒడ్డున రాజధాని కట్టడం, గాలికి తేలే మస్లిన్ బట్ట ఓడలెక్కి దేశదేశాలకు పోవడం, రాజధాని ముర్షిదాబాదుకు తరలిపోతే వెలవెలబోవడం, మళ్ళీ తలెత్తడం, కాలువలు పూడ్చి రోడ్లు వేయడం, ఆ రోడ్లమీద అడుగు తీసి అడుగు వేయలేనంత జనం. పిల్లలు కథలా వినేవారు. నాతో మాట్లాడేటప్పుడు మాత్రం ఆ చరిత్ర ఇంకోలా ఉండేది.

"ఊరు కదల్నేదు వదినా. దేశాలే ఒచ్చినాయి, ఎల్లిపోనాయి. మా తాత మూడు దేశాల్లో సీపురట్టినాడు. గల్లీ ఒక్కటే."

మరొకసారి అంది: "మా ఊల్లో ఏనుగులకి రోడ్డుంది. మావటోళ్లకి పేటుంది. శంకాలు కోసీవోళ్లకి బజారుంది. ఊరు తుడిసీవోళ్ల పేరెట్టిన గల్లీ ఒక్కటి సూపించు."

రాస్ అల్ ఖైమా ఆమెకు చివరిదాకా అంతుపట్టలేదు. ఇటు కొండలు, అటు సముద్రం, మధ్య నిర్జనమైన రోడ్లు. భూగోళం పాఠాలు చెప్పే మనిషి బజారుకు వెళ్ళి దారి తప్పేది. నేను నవ్వితే, "మనుసులు నేని సోట దారెవుల్ని అడగాల?" అనేది. ఒకే గదిలో మూడు తరాలు పడుకునే ఇంటినుంచి వచ్చింది. ఇక్కడి నిశ్శబ్దానికి నిద్ర పట్టక టీవీ మోగుతుండగానే పడుకునేది.

రాష్ట్రం రెండుగా విడిపోయిన ఏడాది, దుబాయ్‌లోని అల్ కుసైస్‌లో ఒక హాలు తీసుకుని తెలుగువాళ్ళం ఉగాది జరుపుకున్నాం. ఢాకాలో తెలుగు బతికి ఉందని తెలిసి నిర్వాహకులు పరమానందపడి అప్పలమ్మను మాతృభాషా వైభవం మీద ప్రసంగించమన్నారు. గుమ్మంలో ఒకాయన నవ్వుతూ, "మేడం, మీరు ఆంధ్రానా, తెలంగాణానా?" అని అడిగాడు. "ఢాకా" అంది. ఆయన నవ్వు సగంలో ఆగింది.

వేదిక ఎక్కి మాతృభాష ఊసెత్తలేదు. పావుగంటసేపు ఢాకా గురించి చెప్పింది. నది గురించి, వానాకాలం కాలనీలోకి వచ్చే నీళ్ళ గురించి, తెల్లవారకముందే చీపురుతో బయలుదేరే వాళ్ళమ్మ గురించి. అందరూ తెలుగులోనే విన్నారు గానీ దేని గురించి వింటున్నారో అర్థంకాక ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివర్లో ముందువరుస పెద్దాయన, "ఇంతకీ మీవాళ్ళు ఏమిట్లు తల్లీ?" అన్నాడు. "పాకీవోళ్లమండి" అంది, ఏ తొట్రుపాటూ లేకుండా. చప్పట్లు మోగాయి. తరువాత వక్తలను ఫొటోకు పిలిచినప్పుడు ఆమె పేరు పిలవలేదు. మరిచారో, మానేశారో నాకు తెలియదు. తిరుగు ప్రయాణంలో కారులో నేనే ఆ మాట ఎత్తాను. "పులుసు బాగుంది వదినా" అంది, అంతే.

ఆ మరుసటి వేసవి సెలవుల్లో, ఎంతో తిరిగి వీసా సంపాదించి, మాతోపాటు విజయనగరం వచ్చింది. పూర్వీకుల ఊరు కనుక్కోలేమని తెలుసు. ఆ నేలమీద కాలు పెడితే చాలంది. ఆమెకంటే మావారికే ఉత్సాహం ఎక్కువ. సింహాచలం తీసుకువెళ్ళారు. గోత్రం చెప్పమన్న పూజారికి ఏం చెప్పాలో తెలియక నావైపు చూసింది. నేను మా గోత్రమే చెప్పాను. సంతలో ఒక ముసలమ్మ ఆమె మాట విని మురిసిపోయి, "ఏవూరే నీది?" అంది.

"ఢాకా."

"అదెక్కడా, పార్వతీపురం అవతలా?"

"ఆ, కాసింత అవతలే" అంది అప్పలమ్మ. అందరం నవ్వుకున్నాం.

ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. సాయంత్రం బస్టాండు దగ్గర రోడ్డుకు అడ్డంగా నిలబడి ఏదో చూస్తోంది. ట్రాఫిక్ పోలీసు, "ఏయ్, కళ్ళు కనబడవా, తప్పుకో!" అని కసిరాడు. మాకు అది పెద్ద విషయం కాదు. ఆమె ముఖం పాలిపోయింది. ఇంటికి వచ్చాక నా పక్కన వచ్చి కూర్చుంది.

"పోలీసోడు మా బాసలో తిట్టినాడు వదినా."

"తెలుగు దేశంలో తెలుగులో కాక ఎందులో తిడతాడు?" అన్నాను.

"మాకాడ బెంగాలీలో తిడతారు, ఇంటికొచ్చి మా బాసలో ఏడుత్తాం. ఈ బాసలో మమ్మల్ని తిట్టీవోడు ఉంటాడని నానెప్పుడూ అనుకోనేదు." మళ్ళీ తనే, "అందరూ మా బాసే మాటాడతన్నారు. ఒక్కలూ మావోళ్లు కారు" అంది.

సెలవు ఇంకా మిగిలి ఉండగానే ఢాకాకు టిక్కెట్టు తీయించమంది. మావారు నొచ్చుకున్నారు. సొంతగడ్డ చూపిద్దామని తెచ్చిన చెల్లెలు ఆ గడ్డమీదే బెంగపెట్టుకుంటే ఎవరు మాత్రం ఏం చేయగలరు? తప్పు ఎవరిదని అనుకోవాలి?

ఇక ఆ గురువారం. అప్పలమ్మను ఎక్కడికి పంపాలన్నది ప్రశ్న. మావారు ఇక్కడే దహనం చేయిద్దాం, అస్థికలు భీమిలి సముద్రంలో కలుపుదాం అన్నారు. ఆ కంఠంలోని దుఃఖం విని కాదనలేకపోయాను. మా భవనం కింద బకాలా, అంటే కిరాణా కొట్టు, నడిపే బంగ్లాదేశ్ చిట్టగాంగ్ ఆయనకు అప్పలమ్మ అంటే ప్రాణం. ఆయన కళ్ళు తుడుచుకుంటూ, "అపలా ఆపా హమారీ థీ, భాయ్. ఘర్ జాయేగీ" అన్నాడు. ఇద్దరూ ఆమె తమదే అంటున్నారు. ఇద్దరిదీ నిజమే అనిపించింది. ఢాకాలో ఉన్న అప్పలమ్మ తమ్ముడి ఫోను కలవలేదు. చివరికి ఆ బకాలా ఆయనే, "ఉన్‌కీ అమ్మీ కో ఆప్ బతాయియే. ఆప్ దోనోం కీ జబాన్ ఏక్ హై" అని, ఇద్దరిదీ ఒకే భాష కనుక వాళ్ళమ్మకు నన్నే చెప్పమంటూ నా చేతికి ఫోను ఇచ్చాడు.

అవతల రిక్షా గంటలు, ఎవరిదో పసిపిల్ల ఏడుపు, వాటి మధ్య ఒక ముసలి గొంతు: "అప్పలా?"

"అప్పలమ్మ కాదమ్మా. నేను..."

"ఎవులు? ఏ గల్లీ పిల్లవే నువ్వు? సూరమ్మ కోడలివా?"

"కాదమ్మా. దుబాయ్ నుంచి మాట్లాడుతున్నాను."

"అక్కడ మన బాస మాటాడీది నా కూతురు గాక ఇంకెవులున్నారే?"

ఆ తల్లి దృష్టిలో తెలుగు ఒక కాలనీ భాష. దాన్ని మాట్లాడే ఇన్ని కోట్లమందిమి ఉన్నామని ఆ క్షణంలో ఎలా చెప్పను? చెప్పవలసిన మాట వేరే ఉంది. ఎలాగో చెప్పాను. అవతల ఏడుపు వినిపించలేదు. రిక్షా గంటలు మాత్రం ఆగకుండా మోగుతున్నాయి. ఆ మోతలోంచే గొంతు వచ్చింది.

"బురిగంగ ఒడ్డున మా కాష్టం ఉంది. వోళ్ల నాయిన అక్కడే కాలినాడు. తెచ్చీయండి." ఆ వెంటనే అంది: "నువ్వొక్కదానివీ అక్కడేటి సేత్తావు? అప్పలతోపాటు నువ్వూ ఇంటికొచ్చీ. ఇల్లు ఇరుకే. సద్దుకుందాం."

అప్పలమ్మ ఢాకా వెళ్ళిపోయింది. బకాలా ఆయన దుకాణం మూసి వెంట వెళ్ళాడు. నేను వెళ్ళలేకపోయాను. మావారు ఇప్పటికీ సముద్రంవైపు చూస్తూ కూర్చుంటున్నారు.

ఈ నివాళిని ఎవరి తరఫున అర్పిస్తున్నానో నాకు స్పష్టంగా తెలియదు. తెలుగుజాతి తరఫున అందామంటే, ఆ జాతి ఆమెను ఎన్నడూ పూర్తిగా పలకరించలేదు. ఒక విదుషిని, ఒక ఆత్మీయను పోగొట్టుకున్నామన్నది మాత్రం సత్యం. అలాంటి మనిషి మళ్ళీ మా బడికి రాదు, మా ఇంటికి రాదు. ఆ పుణ్యాత్మకు శాంతి కలగాలి. నిన్న ఉదయం ఆ తల్లి మళ్ళీ ఫోను చేసింది. "బయల్దేరినావా?" అని అడిగింది. వస్తున్నానమ్మా అన్నాను.