మల్లిక రాసిచ్చిన రెండో కాగితం

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు చుట్టుపక్కల పదేళ్లలో జరిగిన పెళ్ళిళ్ళను మల్లిక చూసినంత ఓపిగ్గా పెళ్ళికొడుకులు కూడా చూసి ఉండరు. వాటిలో ఒక్కదానికీ ఆమె వెళ్ళలేదు. ప్రొద్దుటూరులో జనార్దన్ స్టూడియో మేడమీద గదిలో కూర్చుని, కెమెరా వాళ్ళు తెచ్చిన ఏడెనిమిది గంటల వీడియోను రెండు గంటల పెళ్ళి సినిమాగా కత్తిరించడం ఆమె పని.

ఆమెది సింహాద్రిపురం దగ్గర పల్లె. తండ్రికి గొర్రెలు. డిగ్రీ మధ్యలో ఆగిపోయి, ఆల్బమ్‌లు అతికించే పనికని స్టూడియోలో చేరింది. ఎడిటింగ్ ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు, పక్కన నిలబడి చూసి నేర్చుకుంది. ముప్పై దాటేసరికి, గండికోట అంచున పెళ్ళికి ముందు తీయించుకునే పాటలైనా సరే, ఆమె చెయ్యి పడకుండా స్టూడియో గడప దాటేవి కావు.

రెండేళ్ల కిందట జనార్దన్ పులివెందులలో బ్రాంచి పెట్టదలచాడు. ఆరు కంప్యూటర్లు కావాలి. వాటిలో వీడియో పని భారమంతా మోసే గ్రాఫిక్స్ కార్డు ఏది వేయాలన్నది తేలలేదు.

"నువ్వే చూసి చెప్పు మల్లికా. రేపు ఆడ కూర్చుండేది నువ్వే గదా," అన్నాడు.

ఆ మాట ఆమె ఇంట్లో కూడా చెప్పుకోలేదు. చెప్పుకోకపోయినా, దాన్ని పట్టుకునే తొమ్మిది రోజులపాటు కార్డులు పరీక్షించింది.

కంప్యూటర్ల కొట్టు మహబూబ్ బాషా రెండు కార్డులు చూడటానికి ఇచ్చాడు. ఒకటి వెనకటి తరానిది, పన్నెండు జీబీ మెమరీ. రెండోది ఆ ఏడాది వచ్చింది, ఎనిమిది జీబీ. మల్లిక ఒకే కంప్యూటర్‌లో ఒకదాని తర్వాత ఒకటి బిగించి, ఒకే పెళ్ళి వీడియోను రెండింటితోనూ చేయించింది. పాతది పదకొండు నిమిషాలు తీసుకున్న పాటను కొత్తది ఎనిమిదిన్నర నిమిషాల్లో ఇచ్చింది. పాతది నూట డెబ్బై వాట్లు తాగితే కొత్తదానికి నూట పదిహేను చాలు. మే నెల ఎండలో కూడా అంతగా వేడెక్కలేదు. మల్లికకు కొత్తదే నచ్చింది. అదంతా ఒక కాగితం మీద రాసింది.

ఆరో రోజు అసలు పని పెట్టి చూసింది. పల్లెల్లో ఇంటి ముందు పందిట్లో, తక్కువ వెలుతురులో తీసిన వీడియోలో మొహాల మీద చీమలు పాకినట్టు చుక్కలు కదులుతుంటాయి. బొమ్మ పెద్దసైజులో ఉండగానే వాటిని తుడవాలంటే కార్డుకు మెమరీ కావాలి. పాతది నత్తలా నడిచింది గాని, చివరిదాకా చేసింది. కొత్తది నలభయ్యో నిమిషంలో మెమరీ నిండిపోయిందని ఆగిపోయింది. మూడుసార్లు చేసింది, మూడుసార్లూ ఆగింది. అప్పుడు రెండో కాగితం రాసింది. పులివెందుల వైపు మనకొచ్చేవి పందిరి పెళ్ళిళ్ళే కాబట్టి, ఆలస్యమైనా పన్నెండు జీబీదే తీసుకోవాలని.

ఆమె కాగితాలు ఇచ్చేసరికి జనార్దన్ పక్కన అతని అక్క కొడుకు బాబు ఉన్నాడు. బెంగుళూరులో ఏదో కోర్సు చేసి వచ్చిన మనిషి.

"కొత్త బ్రాంచికి పాత కార్డు ఎవురన్నా ఏస్తారా మామా?" అన్నాడు బాబు.

"పాతదైతే పని ఆగదు. కొత్తది ఆగిపోతాండాది. మూడు తూర్లు చూసినా," అంది మల్లిక.

"మెమరీ సాలకపోతే కంపెనీవోళ్ళు ఎందుకు అమ్ముతారక్కా?"

జనార్దన్ మొదటి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "బిరీన పని చేస్తాదని నువ్వే రాసినావు గదా. కొత్తవే తెస్తాం."

ఆరూ కొత్తవే వచ్చాయి. వాటితోపాటు పులివెందులకు బాబు వెళ్ళాడు. "వాడు ఇంటోడు. నువ్వు ఈడ లేకపోతే నాకు చెయ్యి ఇరిగినట్టుంటాది," అన్నాడు జనార్దన్. మల్లిక తలూపి మేడెక్కింది. ఆ పూట అన్నం క్యారియర్ మూత తీయలేదు.

మరుసటేడు తుమ్మలపల్లెలో ఎర్రన్న అనే రైతు కూతురి పెళ్ళి చేశాడు. అతని భార్య చిన్నసుబ్బమ్మ అప్పటికే గుండె జబ్బుతో లేవలేకుండా ఉంది. పందిట్లో ఒక మూల కుర్చీ వేసి కూర్చోబెట్టారు. నలభై రోజులకు ఆమె పోయింది. బతికుండగా ఎప్పుడూ ఫొటో తీయించుకోని మనిషి.

పెళ్ళి సినిమా పులివెందులలోనే తయారైంది. కార్డు మధ్యలో ఆగింది. ముక్కలుగా కోసి ఒక్కొక్కటే చేసినా పనయ్యేది. ముహూర్తాల రద్దీలో బాబుకు అంత తీరిక లేదు. చుక్కలు తుడవడం మానేసి, బొమ్మ సైజు సగానికి తగ్గించి ఇచ్చేశాడు.

ఎర్రన్న పెన్‌డ్రైవ్ పట్టుకుని, సినిమాలో బొమ్మ ఆనడం లేదని ప్రొద్దుటూరు వచ్చాడు. జనార్దన్ మల్లికను కిందికి పిలిచి, దాచుకున్న మొదటి కాగితం అతని ముందు పరిచాడు.

"ఈ మిషన్లు ఎంచింది ఈమే. సొంత చేత్తో రాసిచ్చినాది, చూడు."

"రెండో కాగితం గూడా రాసిస్తిని గదన్నా," అంది మల్లిక.

"ఏందో ఇచ్చినావులే. యాడ పడిపాయనో."

ఆమె వాదించకుండా బాబుకు ఫోన్ చేసింది. కెమెరాలో తీసిన అసలు వీడియో ఉంటే చాలు, బాషా కొట్లో పాత కార్డు మీద ఒక్కరోజులో శుభ్రం చేసివ్వగలదు.

"పని అయిపాయ గదక్కా. జాగా లేదని తీసేసినా," అన్నాడు బాబు.

మల్లిక ఎర్రన్న వైపు తిరిగి, తాను ముందే వద్దన్న సంగతి చెప్పబోయింది.

"నువ్వు ఎన్ని కాగితాలు రాసినావో నాకెందుకు పాపా," అన్నాడతను. "నా పెండ్లాం మొగం యాడ?"

పెన్‌డ్రైవ్‌లోని వీడియోనే మల్లిక అడిగి తీసుకుంది. నాలుగు ఆదివారాలు బాషా కొట్లో కూర్చుని, చిన్నసుబ్బమ్మ కనిపించే రెండు నిమిషాలనూ ఒక్కొక్క బొమ్మగా బాగుచేసింది. చుక్కలన్నీ పోయాయి. నుదురు, చెంపలు నున్నగా వచ్చాయి. బస్సెక్కి తుమ్మలపల్లె వెళ్ళి, ఎర్రన్న ఇంట్లో టీవీకి పెట్టి చూపించింది.

ఎర్రన్న టీవీ దగ్గరికి జరిగి చాలాసేపు చూశాడు.

"బాగుండాది. కానీ ఈమె మా ఆమె గాదు పాపా."

"మీ ఆమే మామా. బొమ్మ తేటపడే కొద్దీ అట్ల..."

"మా ఆమెకు ఈడ ముడతలు," అని తన కంటి పక్కన వేలు పెట్టి చూపించాడు. "ఆ పాతదే ఉండనీలే. కానరాకపోయినా అది ఆమే."

మల్లికకు మజ్జిగ ఇచ్చి, బస్సు దాకా వచ్చి ఎక్కించాడు. తప్పు ఆమెదేనని అతను ఊళ్ళో అందరికీ చెప్పాడని మల్లికకు తర్వాత తెలిసింది. కోపంతో కాదు, అడిగినవాళ్ళకు చెప్పాడంతే. కాగితం మీద ఆమె చేతిరాత కళ్ళారా చూసిన మనిషి మరి.

ఆ నెలాఖరుకు మల్లిక స్టూడియో మానేసింది. జనార్దన్ ఉండమనీ అనలేదు, పొమ్మనీ అనలేదు. పులివెందుల బ్రాంచి ఇప్పుడు రెండంతస్తులు. ముహూర్తాల రోజుల్లో అక్కడ చెప్పులు విడవడానికి చోటుండదు.

ఆమె ఇప్పుడు బాషా కొట్లో పనిచేస్తోంది. మొదట్లో కార్డు కోసం వచ్చినవాళ్ళను ఏం పనికని అడిగేది, మెమరీ సంగతి, కరెంటు సంగతి విడమర్చి చెప్పేది. వాళ్ళు ఫోన్ చూసుకుంటూ విని, "కొత్తది ఏదుంటే అదియ్యక్కా," అనేవాళ్ళు. ఈమధ్య అడగటం మానేసి, కొత్తదే తీసి బల్లమీద పెడుతోంది.

బాషా ఒకరోజు అది గమనించాడు. "ఏంది పాపా, ఆ అబ్బిది వీడియో పని. పన్నెండుదే మేలని నీకు తెలుసు గదా. చెప్పకపోతివే?"

"ఆ అబ్బి అడగలేదు మామా," అని మల్లిక బిల్లు పుస్తకం పక్కకు జరిపింది.