సంచిల ఏమున్నది

ఎల్బీనగర్ దాటాక ఉన్న జింకల పార్కులో ఒక ఫారెస్టు గార్డు ఉండేవాడు. పొద్దున నడకకొచ్చే వాళ్లందరినీ ఒకటే అడిగేవాడు: "సంచిల ఏమున్నది సార్?" అడుగుతూ మన ముఖం కాదు, బూట్లకంటిన మట్టి చూసేవాడు. రోజూ కనిపించే నన్నూ వదిలేవాడు కాదు. నాకు ఒళ్లు మండేది.

అతని భుజానికీ ఒక సంచి ఉండేది. పొదల్లోకి వంగి, ఏదో తీసి అందులో వేసుకునేవాడు. నెమలి ఈకలు అమ్ముకుంటున్నాడని నా అనుమానం.

ఒకరోజు ఉండబట్టలేక, "మరి మీ సంచిలో ఏముందండీ?" అన్నాను.

తెరిచి చూపించాడు. స్కూటర్ బ్రేకు తీగలతో చేసిన ఉచ్చులు.

"జింకలకు పెడ్తుండ్రు. లోపటికి ఒచ్చేది నడ్వనీకి ఒచ్చేటోళ్లే కద సార్," అన్నాడు.

నేను నవ్వాను. అతను నవ్వలేదు.

"జర మీ సంచి తెరువుండ్రి."