పడుగు రెండో కొస

యుద్ధం రోజుల్లో నేను రోజుకు రెండు స్నానాలు చేసేవాణ్ణి. పొద్దున ఒకటి, అందరిలాగే. సాయంత్రం ఇంకొకటి, దండులో, అంటే తెల్లదొరల పటాలాలుండే వైపు, ఉన్న క్రైస్తవ ఆశ్రమం నుంచి రాగానే, చలైనా వానైనా పెరట్లోనే, అమ్మ తోడిపెట్టిన నీళ్లతో. అది కానిదే అమ్మ నన్ను గడప తొక్కనిచ్చేది కాదు. రోడ్డు పక్కన పడుకునే ఆడవాళ్లను ఆశ్రమం దొరసానులు తీసుకొచ్చి, పుళ్లు కడిగి, అన్నం పెట్టేవారు. వాళ్లకు నేత నేర్పడం నా ఉద్యోగం. పాత ఊరి పేటలో మా నేతగాళ్ల వీధికి మాత్రం నేను ఏదో గుడ్డల కంపెనీలో మేస్త్రీని. నిజం అమ్మకొక్కదానికే తెలుసు.

ఆశ్రమంలో మడకశిర వైపు నుంచి వచ్చిన ఒకామె ఉండేది. కరువులో మొగుడితో కలిసి ఇటుకల పనికని వచ్చి, అతను పోయాక మూడేళ్లు మార్కెట్టు వసారాలో పడుకున్న మనిషి. ఆశ్రమంలో ఏడాది ఉంచుకుంటారు, తరువాత ఎవరి బతుకు వాళ్లు చూసుకోవాలి. ఆమె కోరిక ఒక్కటే. "లోపల్నించి గడియ ఏసుకునే గది ఉంటే చాలన్నా. మిగిలింది నేను చూసుకుంటా" అనేది. పెద్ద దొరసాని ఆమె తలమీద చెయ్యిపెట్టి ప్రార్థన చేసి, నావైపు తిరిగి, వచ్చీరాని తెలుగులో "ఇల్లు మీరు చూడండి" అన్నారు. ప్రార్థన దేవుడికి, పని నాకు.

మా ఇంటికి రెండిళ్ల అవతల మగ్గం ఉన్న గది ఒకటి ఖాళీగా ఉంది. ఆ ఇంటి యజమాని మాట ఖండితం. "మగ్గం ఆడితేనే గది. నిలిచిపోతే ఖాళీ చెయ్యాల." నేను కళ్లార్పకుండా అబద్ధమాడాను. ఆమె మాకు దూరపు చుట్టమనీ, హిందూపురం దగ్గర నేతగాళ్ల ఇంటి కోడలనీ చెప్పాను. వీధివాళ్లు వచ్చి అడిగితే అమ్మ అవుననలేదు, కాదనలేదు.

మొదటి పడుగుకు, అంటే నిలువు పోగులకు, ఆశ్రమంలోనే గంజి పెట్టి, చుట్టి ఇచ్చి పంపాం. దాని పోగులను మగ్గం మీది పాత పోగులకు అతకాలి. మా వీధిలో ఆ పనికి వేళ్లకు బూడిద రాసుకుని మెలిపెడతారు, ముడి వెయ్యరు. ఆశ్రమంలో ఆ మెలి ఎవరికీ పట్టుబడక, నాకు ఓపిక నశించి, ముడులు నేర్పి ఊరుకున్నాను. ఎదురింటామె పలకరించడానికి వెళ్లి, వందల పోగులకు వందల ముడులు చూసి, అట్నుంచటే తిరిగొచ్చింది. ఏ నేతగాళ్ల ఇంటి కోడలూ అలా అతకదు. సాయంత్రానికి సంగతి వీధంతా పాకింది. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఆ పడుగు అయిపోయింది. రెండోదానికి వీధిలోనే గంజి పెట్టాలి. వెదురు కాళ్లమీద వీధి పొడవునా సాచి, అటొకరు ఇటొకరు కుంచెలతో దువ్వాలి. గంజి ముందే ఆరితే పోగులు అంటుకుపోయి పడుగంతా చెడుతుంది. అందుకే ఎవరు పడుగు వేసినా పిలవకుండా ఇంటికొకరు వస్తారు. ఆమెకు ఒక్కరూ రాలేదు.

తలుపు సందులోంచి చూస్తున్నాను. రెండో కొస పట్టేవాళ్లు లేక, ఆమె దాన్ని తెచ్చి మా అరుగు స్తంభానికి కట్టింది. పడుగు మా వాకిలికి అడ్డం పడింది. దాన్ని దాటకూడదు, కిందుగా దూరకూడదు. అది మా వీధి కట్టుబాటు. బయటికి వెళ్తే కుంచె పట్టాలి. పడితే ఆమెను తెలిసే తెచ్చానని, నా ఉద్యోగంతో సహా, బయటపడుతుంది, వీధి మా ఇంటికి నిప్పూ నీళ్లూ ఆపుతుంది. పట్టకపోతే పడుగు చెడి, మగ్గం ఆగి, ఆమె మళ్లీ మార్కెట్టు వసారాకే. నిజం చెప్పాలంటే ఆమెమీద కోపం వచ్చింది, దొరసానిమీద ఇంకా ఎక్కువ వచ్చింది. పెరటి దారిన జారుకుందామని వెనక్కి వెళ్లాను.

పెరటి తలుపుకు గడియ వేసి, దానికి వీపు ఆనించి అమ్మ కూర్చుని ఉంది.

"పనికి పొద్దయింది, లెయ్యమ్మా" అన్నాను.

"ఆ మనిషి ఎవురో నాకు అక్కర లేదు" అంది. "ఆడ గంజి ఆరిపోతా ఉండాది. నేతగానికి పుట్టి, పడుగు చెడిపోతా ఉంటే చూస్తా నిలబడతావా అప్పా?"

ముందు వాకిలి తీశాను. మంచితనంతో కాదు, వేరే దారి లేక. కుంచె తీసుకుని దువ్వడం మొదలుపెట్టాను. అవతలి పక్క ఆమె నావైపు చూడకుండా దువ్వుతూ నడిచింది. అరుగుల మీద నుంచి వీధంతా చూస్తోంది. కాసేపటికి అమ్మ పిడికెడు బూడిద పట్టుకుని బయటికొచ్చింది. తెగిన పోగును ఆమె ముడి వెయ్యబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఈ ముడి ఎవురు నేర్పినారే నీకు?"

ఆమె నా పేరు చెప్పెయ్యొచ్చు. చెప్పలేదు. తల వంచుకుని పోగునే చూస్తూ నిలబడింది. నాకు సిగ్గేసింది.

"నేనేమ్మా" అన్నాను, వీధికి వినబడేలా. "దండులో, ఆశ్రమంలో. చుట్టమని చెప్పింది కూడా నేనే."

అమ్మ ఆమె వేళ్లకు బూడిద రాసి, "చూడు, ఇట్ల మెలిపెట్టాల" అంది.

ఇంకెవరూ అరుగు దిగలేదు. ముగ్గురమే దువ్వాం. చివర రెండు మూరలు చెడిపోయాయి, మిగిలింది దక్కింది. సాయంత్రం నేను స్నానానికని పెరట్లో నిలబడితే, అమ్మ నీళ్లు తోడిపెట్టలేదు. స్నానం లేకుండానే గడప తొక్కి, లోపలికి వెళ్లి అమ్మ పక్కన కూర్చున్నాను. రెండిళ్ల అవతల, లోపలినుంచి గడియ పడింది. ఇద్దరమూ విన్నాం.