ముక్కులో రెండు చుక్కలు

కాటన్‌పేటలో మా వీధిలో ఏ ఇంట పురుడు జరిగినా మొదట కబురు అందేది మా అత్తకి. పసిబిడ్డలకు నీళ్లు పోయడంలో ఆమెకు అంత పేరు. గోడకు ఆనుకుని, పీట మీద కూర్చుని, చాపిన కాళ్ల మీద బిడ్డను పడుకోబెట్టుకుంటే ఎంత మొండి ఏడుపైనా రెండు చెంబుల్లో ఆగిపోయేది. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేది కాదు. పొగడ్తలు మాత్రం వద్దనేది కాదు.

మా మామగారి తాతల కాలంలోనే హిందూపురం వైపు నుంచి వచ్చి, బెంగళూరులో దారాల వ్యాపారంలో స్థిరపడ్డ ఇల్లు అది. నేను అనంతపురం జిల్లా నుంచి ఆ ఇంటికి కోడలిగా వచ్చాను. వాళ్లు సారు అనే చారులో ఆమె వేసే బెల్లం నాకు గిట్టదు, నేను వేసే కారం ఆమెకు గిట్టదు. కానీ తొంభైల మధ్యలో, పుట్టింట్లో పురుడు పోసుకుని మూడో నెలలో కొడుకును తెచ్చినప్పుడు, వాణ్ణి ఆమె కాళ్ల మీద పెట్టడానికి నేను క్షణమైనా ఆలోచించలేదు.

ఒంటికి నూనె, నలుగు, నీళ్లు, సాంబ్రాణి పొగ అన్నీ అయ్యాక ఆఖరున ఒక పని ఉండేది. గూట్లో చిన్న ఇత్తడి గిన్నెలో ఆముదం. అందులో దూది ముంచి, బిడ్డ తల వెనక్కి వంచి, ఒక్కో ముక్కు రంధ్రంలో రెండు చుక్కలు పిండేది. బిడ్డ ఉక్కిరిబిక్కిరై తుమ్మితే, లోపలి జలుబంతా వచ్చేసిందని మురిసిపోయేది. మా ఆయనకూ చిన్నప్పుడు అలాగే వేసిందట. ఆయన నిక్షేపంగా దుకాణంలో కూర్చుని ఉన్నాడు కదా, ఇంకేం సాక్ష్యం కావాలి?

రెండు వారాలకు వాడికి దగ్గు మొదలైంది. జ్వరం లేదు. పాలు తాగుతూ తాగుతూ మధ్యలో వదిలేసి ఆయాసపడేవాడు. ఊపిరి పీల్చినప్పుడల్లా డొక్కలు లోపలికి పోయి పక్కటెముకల కింద గుంట పడేది. ఆ గుంటను నేను నా కళ్లతో చూశాను. పసివాళ్ల ఊపిరి అలాగే ఉంటుందేమో అనుకున్నాను. అది చూసిన మరుక్షణం బిడ్డను ఎత్తుకుని పరిగెత్తాలని నాకు ఎవరూ చెప్పలేదు.

వీధి చివర డాక్టరు సిరప్ రాశాడు. అది పని చేయక పెద్దాస్పత్రికి వెళితే ఎక్స్‌రే తీసి నిమ్ము అన్నారు. పది రోజులు సూదులు వేశారు. వార్డులో తడిగుడ్డతో ఒళ్లు తుడవడమే తప్ప నీళ్లు పోయడం లేదు. వాడు కోలుకున్నాడు. ఇంటికి తెచ్చిన రోజే అత్త సంబరంగా వేణ్ణీళ్లు కాచింది. వారం తిరక్కుండానే మళ్లీ ఆయాసం. ఇలా రెండుసార్లు జరిగింది. ఆస్పత్రిలో బాగుపడతాడు, ఇంటికొస్తే పడిపోతాడు. అత్త దిష్టి తీసింది. గోడల చెమ్మే కారణమని నేను మా ఆయనతో పోట్లాడి ఇల్లు మారదామన్నాను. కారణం మాత్రం ఆ గూట్లోనే ఉంది.

ప్రతి డాక్టరూ కన్నడంలో ఒకటే అడిగేవాడు, ఇంట్లో మందేమైనా వేస్తున్నారా అని. ఏమీ లేదనేవాళ్లం. అది అబద్ధం కూడా కాదు. తలకు రాసుకునే ఆముదం మందని మాకెవరికీ తోచలేదు.

మూడోసారి చేర్పించినప్పుడు ఒక పెద్ద వయసు డాక్టరమ్మ వచ్చింది. ఆమె మందుల ఊసెత్తలేదు. పొద్దున లేచింది మొదలు బిడ్డకు ఏమేం చేస్తారో వరసగా చెప్పమంది. నేను పాల దగ్గర మొదలుపెట్టి నీళ్ల దగ్గరికి, పొగ దగ్గరికి, చుక్కల దగ్గరికి వచ్చేసరికి ఆమె రాయడం ఆపేసింది. మర్నాడు గొట్టం వేసి ఊపిరితిత్తుల్లోంచి కొంచెం నీరు తీశారు. అందులో నూనె ఉంది.

తర్వాత ఆమె నన్ను పక్కకు పిలిచి నెమ్మదిగా చెప్పింది. పొరపోయిన నీళ్లను దగ్గు బయటికి తోస్తుంది. నూనె అలా కాదు, చప్పుడు లేకుండా జారి ఊపిరితిత్తుల్లో ఉండిపోతుంది. దాన్ని ఏ సూదిమందూ కరిగించదు. అది ఉన్నచోట క్రిములు చేరతాయి. వాడికి అప్పటికే చేరాయి. ఇంకో తొమ్మిది రోజులు ఉన్నాడు. వాడికి అయిదో నెల. నా గొంతు వింటే తల తిప్పేవాడు, ఆఖరి రోజు తిప్పలేదు.

ఆస్పత్రి మెట్ల మీద మా ఆయనకు అంతా చెప్పాను. ఆయన నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మా అమ్మకి చెప్పొద్దు. తెలిస్తే ఆయమ్మ బతకదు."

సరేనన్నాను. జాలితో అనుకోకండి. ఆమె జుట్టు పట్టుకుని వీధంతా వినేలా అరవాలని ఉండేది నాకు. అరవకపోవడమే నేను ఆమెకు చేసిన మహోపకారం అనుకున్నాను. నిమ్ముతోనే పోయాడని ఆమెకు చెప్పాం.

కొన్నాళ్లు ఆమె ఎవరింటికీ వెళ్లలేదు. తర్వాత ఎవరో బతిమాలారు, మళ్లీ మొదలుపెట్టింది. రెండేళ్లకు నాకు కూతురు పుట్టింది. దాన్ని అత్త చేతికివ్వకుండా నీళ్లు నేనే పోసుకున్నాను. ఆమె తువ్వాలు పట్టుకుని స్నానాలగది బయట కూర్చునేది. ఒక్కసారి మాత్రం, నా చెయ్యి మంచిది కాదనుకుంటున్నావా అని అడిగింది. అలాంటిదేమీ లేదన్నాను. ఆ గిన్నె కొంగు చాటున పట్టుకుని ఇరుగుపొరుగు ఇళ్లకు వెళ్తుంటే చూస్తూ ఊరుకున్నాను. వాళ్ల పిల్లలంతా బాగానే ఉన్నారు కదా అని సరిపెట్టుకునేదాన్ని. అందరి బిడ్డల ఊపిరితిత్తుల్లోకీ జారదు నిజమే. ఎవరి బిడ్డకు జారుతుందో ముందుగా ఎవరికి తెలుసు?

మా అమ్మాయికి ఏడాది నిండాక ఒక ఉదయం ఎదురింటావిడ నెల కూడా నిండని మనవరాలిని ఎత్తుకుని వచ్చింది. మూడు రోజులుగా దగ్గు, పాలు పట్టడం లేదంది. ముక్కు మూసుకుపోయి ఉంటుంది, ఈసారి రెండు చుక్కలు ఎక్కువ వేద్దామంటూ అత్త గూట్లోంచి గిన్నె తీసింది. నేను బిడ్డ బట్ట తొలగించి చూశాను. పక్కటెముకల కింద అదే గుంట.

అత్త మణికట్టు పట్టుకున్నాను.

"వద్దత్తా. మన పిల్లోడి ఊపిరితిత్తుల్లో ఉండింది ఈ నూనే. డాక్టరమ్మ నాతో చెప్పింది."

ఎదురింటావిడను అప్పటికప్పుడు ఆటోలో ఆస్పత్రికి పంపాం. ఏమేం వేశారో ఒక్కటీ దాచకుండా చెప్పమన్నాను. ఆ పాప బతికింది. అది తర్వాతి మాట. ఆటో వెళ్లాక అత్త గిన్నె కింద పెట్టి దాని ముందే కూర్చుంది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు.

"నీకు తెలిసి ఎన్నాళ్లాయె?"

"వాడు పోకముందే తెలుసు."

"మూడేండ్లు. ఈ మూడేండ్లలో నేను ఎంతమంది బిడ్డలకి ఏసుంటాను?"

ఇన్నాళ్లూ ఆమెను కాపాడుతున్నానని అనుకున్నదాన్ని, ఆ పూట ఆమె ముఖంలోకి చూడలేకపోయాను.

మర్నాడు పొద్దున్నే ఆమె చీర మార్చుకుని, చెప్పులేసుకుని, నన్ను రమ్మంది. తను నీళ్లు పోసిన ప్రతి ఇంటికీ వెళ్లింది. ప్రతి గడపలో నిలబడి ఒకటే చెప్పింది. నా మనవడు నేను వేసిన నూనెతోనే పోయాడు, మీ బిడ్డల ముక్కులో ఏ నూనే వేయకండి, ఊపిరి తీస్తుంటే డొక్కలు లోపలికి పోతే ఒక్క పూట కూడా ఆగకండి. కొందరు కళ్లు తుడుచుకున్నారు. ఒకామె తలుపు వేసుకుంది.

ఆఖరిది సందు చివరి ఇల్లు. ఆ ఇంట్లో అంతకు ముందు ఏడాది ఒక మగబిడ్డ ఆయాసంతో పోయాడు. ఎందుకు పోయాడో ఎవరూ తేల్చలేదు. వాడికీ నీళ్లు పోసింది అత్తే. చెప్పిందంతా ఆ తల్లి గుమ్మం పట్టుకుని విన్నది. విని, ఒకే మాట అడిగింది, ఈ సంగతి మీకు ఎప్పుడు తెలిసింది అని.

అత్త నా వైపు తిరగలేదు.

"నిన్ననేమ్మా తెలిసింది," అంది. "మాకెవరికీ తెలీదు."