శెనక్కాయల చేలో క్యాసెట్టు రీలు

ఆ పాట విన్న ప్రతిసారీ నా కళ్ల ముందు మా మేనత్త ముఖం ఉండేది. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. రోజూ డైరీ రాసుకునేదాన్నే కానీ అందులో కూడా పెట్టలేదు.

అది ఇంగ్లీషు పాట. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, కళ్యాణదుర్గంలో ఇంటర్ చదివేటప్పుడు, నా పక్కన కూర్చునే అమ్మాయి ఇచ్చింది. బెంగళూరులో చదివే వాళ్లన్న క్యాసెట్టు. "వింటే తల నొస్తాది, నువ్వే పెట్టుకో" అంది. మొదట గిటారు ఒక్కటే, బరువైనదేదో నేల మీద ఈడుస్తున్నట్టు. తర్వాత ఒక మగగొంతు పళ్లు బిగబట్టి సణుగుతుంది. సణిగి సణిగి, ఇక ఆగలేక, చీరుకుపోయేలా అరుస్తుంది. మాటలు సగం పైగా అర్థమయ్యేవి కావు. నిఘంటువులో వెతుకుదామన్నా చెవికి చిక్కేవి కావు. అతను ఎవరినో వదలకుండా తిడుతున్నాడని, వాళ్లకు జవాబు చెప్పే సందు ఇవ్వడం లేదని మాత్రం తెలిసేది. నాకు అది చాలు. నేను ఎవరికీ ఎదురు చెప్పి ఎరగను. అత్త చేనికి పోయాక, కరెంటు ఉన్న మధ్యాహ్నాల్లో, ఆ ఒక్క పాటే వెనక్కి తిప్పి తిప్పి వినేదాన్ని.

అత్త నాయనకు అక్క. భర్త పోయాక బెళుగుప్ప దగ్గరి మా ఊరికే వచ్చేసింది. ఇల్లూ సేద్యమూ ఆమె మాట మీదే నడిచేవి. నేను పుస్తకం పట్టుకుంటే "తిరగేసి సూడే, ఆ పక్కనేమన్నా పని రాసుండాదేమో" అనేది. నేను పలకకపోతే ఇంకా మండిపడేది.

ఆ ఏడు విత్తనం ఒలిచే రోజులవి. మిషన్‌లో వేస్తే గింజ మీది ఎర్ర పొర చిట్లి మొలవదని, మా వైపు విత్తనానికి శెనక్కాయలు చేత్తోనే ఒలుస్తారు. వీధిలోని ఆడవాళ్లంతా మా పంచలో చాటలు ముందేసుకుని కూర్చున్నారు.

"దీన్ని చేసుకునేటోడు అదృష్టవంతుడప్పా" అంది అత్త. "ఇంట్లో బండరాయి ఉన్నట్టే. తిట్టినా పలకదు."

"బండ మీద కారమన్నా నూరుకోవచ్చుగదక్కా" అంది పక్కింటామె. అందరూ నవ్వారు.

నేను లేచి లోపలికి వెళ్లి, టేప్‌రికార్డర్‌లో క్యాసెట్టు పెట్టి, సౌండు ఎంత పెరుగుతుందో అంతా పెంచి, వచ్చి నా చాట ముందు కూర్చున్నాను.

"ఏమప్పా, వాణ్ణెవురన్నా కోస్తాండారా?" అంది ఒకామె.

అత్త నవ్వలేదు. పాట అయ్యేదాకా నన్నే చూసింది. నేనూ చూశాను, అదే మొదటిసారి. చేతులు ఒలుస్తూనే ఉన్నాయి. ఒక్క గింజ బద్ద కాలేదు.

మొదటి వాన పదునుకు విత్తారు. గొర్రు వెంట గింజలు వేసే ఆడవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ తర్వాత చినుకు లేదు. మొలకలు అక్కడొకటి, ఇక్కడొకటి. మా వైపు మొలక రాకపోతే ఆకాశాన్ని ఎవరూ ఏమీ అనరు, ఎవరి చేతి గింజ అని అడుగుతారు. చెయ్యి మంచిది కాదన్న పేరు ఒకసారి పడితే ఆ ఆడదాన్ని ఇంకే చేలోకీ విత్తడానికి పిలవరు. అత్త వీధిలో నిలబడి ఆ పేరు నాకు పెట్టింది.

"ఆ అరుపులు ఇన్న చేతులు. ఆ చేత్తో ఏసిన ఇత్తనం యాడ మొలుస్తాది? భయపడి లోపల్నే సచ్చింటాది."

నాయన అరుగు మీదే ఉన్నాడు. బీడీ ముట్టించుకున్నాడు. పోతే పోనీ, పాట ఉంది కదా అనుకున్నాను.

మళ్లీ వాన పడి రెండోసారి విత్తినప్పుడు నన్ను పిలవలేదు. ఇల్లు ఖాళీ, కరెంటు ఉంది. క్యాసెట్టు ఎప్పుడూ పెట్టే చోట లేదు. వెతగ్గా వెతగ్గా పెరట్లో దొరికింది. లోపల రీలు లేదు.

చేనికి పరుగెత్తాను. విత్తిన గింజలను కాకులు, గువ్వలు పెరుక్కుపోకుండా మా వాళ్లు చేల మీద పాత క్యాసెట్ల రీలు లాగి కడతారు. గాలికి అది గుయ్యిమంటుంది. తెగిపోయిన క్యాసెట్లు మా అటక మీద సంచీడున్నాయి. అత్త తీసింది మాత్రం నాదే. గట్టు నుంచి గట్టుకు, కర్ర నుంచి కర్రకు, ఎండలో నల్లగా మెరుస్తోంది. గాలి తోలినప్పుడల్లా మూలుగుతోంది. కాకులు తుమ్మచెట్టు దిగడం లేదు.

"అది నాది" అన్నాను. ఆమెకు నేను ఎదురు చెప్పిన మాట అదొక్కటే.

అత్త చివరి కర్రకు రీలు ముడివేసి నా వైపు తిరిగింది. ఆ తర్వాత ఆమె చాలా ఏళ్లే బతికింది. ఒకే పొయ్యి మీది ముద్ద తిన్నాం, ఒకే పంచలో పడుకున్నాం. నాతో మాత్రం మళ్లీ మాట్లాడలేదు. నేనూ పలకరించలేదు. ఆ రోజు అన్నదే ఆఖరు.

"నాకు ఇంగ్లీషు రాకుంటే వాడు ఎవుర్ని తిడతాండాడో తెలీదనుకుంటివా? ఆడ్నే అరుచుకోనీ. నన్ను తిట్టేదానికన్నా కాకుల్ని తిడితే గింజన్నా మిగుల్తాది."